బస్సులో మా అమ్మకి ఊపిరి పోసిన అప్పకి

పోయిన సోమవారం పొద్దున టెక్కలి నుంచి శ్రీకాకుళం వెళ్లే పల్లెవెలుగులో, స్కూలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని మా వెనక సీట్లో కూర్చున్న అప్పా, ఇది మీకోసం. ఆ కంగారులో మీ పేరైనా అడగలేదు.

అమ్మకి ఇరవై ఏళ్లుగా ఉబ్బసం. ముందురోజంతా కళ్లంలో వరి నూర్పుల దుమ్ములో ఉంది. రాత్రికే పిల్లికూతలు. కోటబొమ్మాళి దాటేసరికి రెండు మాటలు కలిపి చెప్పలేకపోయింది, ఊపిరి తీసిన ప్రతిసారీ గొంతు కింద గుంట లోపలికి పోతోంది. నీలం ఇన్‌హేలర్ నొక్కితే ఉత్త గాలే. ఎవరో పడుకోబెట్టమన్నారు. "వద్దు, కూర్చోబెట్టండి, కాస్త ముందుకి వంగనివ్వండి" అంటూ మీరు లేచి వచ్చారు.

బ్యాగులోంచి మీ బాబు ఇన్‌హేలర్, దానికి తగిలించే స్పేసర్ గొట్టం తీశారు. పిల్లల మాస్కు అమ్మ ముఖానికి ఆనలేదు. దాన్ని ఊడదీసి గొట్టం నోట్లో పెట్టించారు. బాగా ఊపి ఒక్క పఫ్. అమ్మ మోకాలి మీద వేళ్లతో తడుతూ అయిదు శ్వాసలు లెక్కపెట్టారు. మళ్లీ ఊపి ఇంకోటి. నాకు ఆత్రం, రెండు మూడు ఒకేసారి కొట్టెయ్యమన్నాను. అలా చేస్తే మందు గొట్టం గోడకే అంటుకుపోతుందని నెమ్మదిగా చెప్పారు. నరసన్నపేట వచ్చేలోగా పది పఫ్‌లు.

డ్రైవరు అన్నయ్యకి, కండక్టరు బాబుకి కూడా దండాలు. మధ్యలో ఎక్కడా ఆపకుండా బస్సుని ఆసుపత్రి గేటు దాకా తెచ్చారు. నిండు బస్సులో ఒక్కరూ విసుక్కోలేదు.

లోపల ఆక్సిజన్, నెబ్యులైజర్, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి అమ్మ కాఫీ అడిగింది! "రోజూ వేసుకోవాల్సిన రెండో ఇన్‌హేలర్ ఏదమ్మా?" అని డాక్టరు గారు అడిగితే తల దించుకుంది. ఆయాసం లేదు కదాని దసరా నుంచి మానేసిందట. నీలంది బిగుసుకున్న ఊపిరి గొట్టాల్ని కాసేపు తెరుస్తుందే గానీ లోపలి వాపు తియ్యదని, దాని అవసరం వారానికి రెండుసార్లు మించితే ఉబ్బసం అదుపులో లేనట్టేనని ఆయన చెప్పారు. ఇప్పుడు ఆ రెండో ఇన్‌హేలర్ రెండు పూటలా వేసుకుని నోరు పుక్కిలిస్తోంది.

అప్పా, మీ స్పేసర్ మా దగ్గరే ఉండిపోయింది. సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాం. దానిమీది చిలక స్టిక్కరు చెదరలేదు. ఈలోగా మీ బాబుకి అవసరం పడుతుందేమోనని అమ్మకి ఒకటే దిగులు. ఇది చూస్తే ఒక్క మాట చెప్పండి, ఇద్దరం మీ ఇంటికి తెచ్చిస్తాం.