రెండో ఓడ

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. పాతకాలపు గ్రీకు నగరం ఏథెన్స్ గురించి మొన్న ఫోన్‌లో నువ్వన్న మాటకి అప్పుడే జవాబు చెప్పబోయి ఆగాను. రెండు నిమిషాల్లో తేలే విషయం కాదు. "ఆడవాళ్లకి ఓటు లేదు, బానిసలకి ఏ హక్కూ లేదు, ఇంక దాన్ని ప్రజాస్వామ్యం అనడం దేనికమ్మా?" అన్నావు. లా చదివే పిల్ల అడగాల్సిన ప్రశ్నే. నేను హైస్కూల్లో సోషల్ చెప్పిన రోజుల్లో గ్రీకుల పాఠానికి ఒకటో రెండో పీరియడ్లు దొరికేవి. రిటైరయ్యాక తీరిగ్గా చదివాను. ఇప్పుడు ఆ ఊరి మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, అవన్నీ నీకు చెప్పాలనుంది. ఎక్కడా విడిగా చెప్పకపోతే ఇందులో సంవత్సరాలన్నీ క్రీస్తుపూర్వమే అనుకో.

ముందు నీ మాట. అది నిజం, నేనింకొంచెం కలుపుతాను. ఓటున్న మగవాళ్లు 30 వేల నుంచి 60 వేల మధ్య ఉండేవారని చరిత్రకారుల అంచనా. 451లో అక్కడి నాయకుడు పెరిక్లిస్ చట్టం తెచ్చి, తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ పౌర కుటుంబాల వాళ్లయితేనే పిల్లలకి పౌరసత్వం అన్నాడు. అంటే తల్లి పుట్టుక లెక్కలోకి వచ్చింది, తల్లి మాత్రం పౌరులంతా కూర్చుని తీర్మానాలు చేసే సభలోకి రాలేదు. కోర్టులో ఆమె తరఫున తండ్రో భర్తో కొడుకో మాట్లాడాలి. లారియమ్ అనే చోట వెండి గనులుండేవి. ఇరుకు సొరంగాల్లో వేల మంది బానిసలు పనిచేసేవారు. 483లో అక్కడ పెద్ద వెండి పొర దొరికితే ఆ డబ్బు జనానికి పంచేద్దామన్నారు. థెమిస్టోక్లిస్ అనే నాయకుడు వద్దని వాదించి దాన్ని యుద్ధనౌకల మీద ఖర్చు పెట్టించాడు. మూడేళ్లకి సలామిస్ ద్వీపం దగ్గర పర్షియా నౌకాదళాన్ని ఓడించింది ఆ ఓడలే. ఏథెన్స్ స్వేచ్ఛ నిలబడింది స్వేచ్ఛ లేని మనుషులు తవ్విన వెండితో. ఇది చదివినప్పుడు నాకు మనసు చాలా భారమైంది. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు సంగతులూ వేరువేరు పేజీల్లో ఉంటాయి, పక్కపక్కన పెట్టి చూడాలి.

కానీ ఆ ఓడలు ఇంకో పని కూడా చేశాయి. ట్రైరీమ్ అనే ఆ యుద్ధనౌకకి తెడ్లు వేసేవాళ్లే 170 మంది కావాలి. నేల మీద యుద్ధానికి కవచం, డాలు, బల్లెం సొంతంగా కొనుక్కోవాలి కాబట్టి కాస్త ఆస్తి ఉన్నవాడే సైనికుడు. తెడ్డు వేయడానికి భుజబలం చాలు. సెంటు భూమి లేనివాడు ఊరిని కాపాడేవాడయ్యాక, నీకు మాట్లాడే హక్కు లేదని వాణ్ని సభలోంచి పంపేయడం ఎవరి తరమూ కాలేదు. చెప్పులు కుట్టేవాడు, కుండలు చేసేవాడు సభ జరిగే ప్నిక్స్ గుట్ట మీద కూర్చుని యుద్ధం, సంధి, పన్నులు తేల్చేవాడు. సభ మొదలుకాగానే "ఎవరు మాట్లాడతారు?" అని చాటింపు వినిపించేది. మన తాతల కాలంలో కూడా ఊరి పెద్దల ముందు పేదవాడు నోరెత్తడానికి ఎంత భయపడేవాడో నీకు తెలుసు. అందుకే నువ్వు కొట్టిపారేసినంత తేలిగ్గా నేను కొట్టిపారేయలేను.

ఇంకో సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది. వాళ్లు పదవుల్ని ఎక్కువగా ఎన్నికలతో కాదు, చీట్లతో నింపారు. సభకి ఎజెండా తయారుచేసే మండలిలో 500 మంది, ఒక్కో తెగ నుంచి 50 మంది. అందరూ లాటరీలో వచ్చినవాళ్లే, ఏడాదిపాటే. ఒక మనిషి జీవితంలో రెండుసార్లకి మించి అందులో ఉండకూడదు. ఆ మండలికి అధ్యక్షుడు రోజుకొకడు. ఒక పగలూ ఒక రాత్రీ ఖజానా తాళాలు, ప్రభుత్వ ముద్ర అతని దగ్గరుండేవి. మళ్లీ జన్మలో ఆ అవకాశం లేదు. ఎన్నిక పెడితే డబ్బు, వంశం, వాక్చాతుర్యం ఉన్నవాళ్లే గెలుస్తారని వాళ్ల నమ్మకం. చీటీ కొద్దిమందిని కాక అందర్నీ చూస్తుంది. సేనాధిపతుల్ని మాత్రం ఓటేసి ఎన్నుకునేవారు, ఎందుకంటే యుద్ధం తెలియనివాడి చేతికి సైన్యం ఇస్తే ఊరే పోతుంది. పదవి దిగేటప్పుడు ప్రతివాడూ లెక్కలు అప్పజెప్పాలి. తేడా వస్తే కోర్టుకి ఎక్కాలి. చీటీ పద్ధతి గ్రీకులకే సొంతం కాదులే. మన పక్కనే, తమిళనాడు ఉత్తరమేరూరులో క్రీస్తుశకం పదో శతాబ్దపు చోళుల శాసనం ఉంది. తాటాకు మీద పేర్లు రాసి కుండలో వేసి చిన్నపిల్లాడి చేత తీయించేవారట. లెక్కలు చూపనివాడు మళ్లీ అర్హుడు కాడు. అక్కడా భూమీ చదువూ ఉన్నవాళ్ల పేర్లే కుండలో పడేవి, నువ్వడిగిన ప్రశ్న అక్కడా నిలుస్తుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. 427లో జరిగింది. థుసిడిడీస్ అనే చరిత్రకారుడు రాశాడు, అతనా కాలం మనిషే.

లెస్బోస్ ద్వీపంలో మిటిలీన్ అనే నగరం ఏథెన్స్ కూటమిలో ఉండేది. పేరుకి మిత్రులు, నిజానికి ఏథెన్స్ చెప్పినట్టు వినాల్సిన వాళ్లు. ఏథెన్స్‌కి శత్రువైన ఇంకో గ్రీకు నగరం స్పార్టాతో యుద్ధం నడుస్తుండగా వీళ్లు తిరగబడ్డారు. తిరుగుబాటు నడిపింది అక్కడి సంపన్నులు. ముట్టడిలో తిండి అయిపోయాక, వాళ్లకి సాయంగా స్పార్టా పంపిన అధికారి సామాన్యుల చేతికి ఆయుధాలిచ్చాడు. సామాన్యులు ముందు ధాన్యం బయటికి తీయండి, లేకపోతే మేమే లొంగిపోతాం అన్నారు. నగరం లొంగిపోయింది.

ఏథెన్స్ సభ కోపంతో ఊగిపోయింది. తిరగబడ్డవాళ్లనే కాదు, ఎదిగిన మగవాళ్లందర్నీ చంపాలి, ఆడవాళ్లని, పిల్లల్ని బానిసలుగా అమ్మాలి అని తీర్మానించింది. ఆ ఆజ్ఞ పట్టుకుని ఒక ఓడ వెంటనే బయల్దేరింది. తెల్లారింది. రాత్రి గడిచేసరికి జనానికి చేసిన పని ఎంత ఘోరమో అర్థమైంది. ఒక ఊరికి ఊరినే చంపమన్నాం కదా అని కలవరపడి మళ్లీ సభ పెట్టించారు.

క్లియోన్ అనే నాయకుడు లేచి, రోజుకో మాట మార్చే జనం సామ్రాజ్యాన్ని ఏలలేరు, చెడ్డ చట్టమైనా సరే మారకుండా ఉండటమే మేలు అన్నాడు. అతనికి బదులిచ్చింది డయోడోటస్ అనే మనిషి. ఇతని గురించి చరిత్రలో ఇంకెక్కడా ఒక్క ముక్క లేదు. ఆ ఒక్క ప్రసంగంతోనే మనకి తెలుసు. అతను జాలి చూపమని అడగలేదు చూడు, అక్కడే అతని తెలివి. తొందరపాటు, కోపం ఈ రెండూ మంచి ఆలోచనకి శత్రువులన్నాడు. మరణశిక్ష ఉందని తెలిసీ మనుషులు నేరాలు చేస్తూనే ఉన్నారు, భయపెట్టి ఎవర్నీ ఆపలేమన్నాడు. నగరాన్ని మన చేతికిచ్చిన సామాన్యుల్నే చంపితే, రేపు ఏ ఊరి సామాన్యుడు మన పక్షాన ఉంటాడని అడిగాడు. చేతులెత్తితే ఇంచుమించు సమానంగా వచ్చాయి. కొద్ది తేడాతో డయోడోటస్ గెలిచాడు.

అప్పుడు రెండో ఓడని పంపారు. మొదటి ఓడ అప్పటికే ఒక పగలూ రాత్రీ ముందుంది. దూరం 300 కిలోమీటర్లకు పైనే. ఏథెన్స్‌లో ఉన్న మిటిలీన్ రాయబారులు ఓడలోకి వైన్, బార్లీ పిండి ఎక్కించి, ముందుగా చేరితే పెద్ద బహుమానం ఇస్తామన్నారు. తెడ్లు వేసేవాళ్లు పిండిని వైన్‌తో, ఆలివ్ నూనెతో కలిపి తెడ్డు వదలకుండానే తిన్నారు. వంతులవారీగా నిద్రపోయారు. ఎదురుగాలి తగల్లేదు. మొదటి ఓడలో వాళ్లు ఆ పాడు పనికి వెళ్లడం ఇష్టంలేక నెమ్మదిగా వెళ్తున్నారు. అయినా అదే ముందు చేరింది. అక్కడి సేనాధిపతి పేకీస్ ఆజ్ఞ చదివి అమలుకి సిద్ధమవుతుండగా రెండో ఓడ రేవులోకి వచ్చింది.

ఎన్నిసార్లు చదివినా ఇక్కడ నాకు కళ్లలో నీళ్లొస్తాయి. కానీ కథ ఇక్కడ ఆపేస్తే నీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. తిరుగుబాటులో ముఖ్యులని తేల్చినవాళ్లను క్లియోన్ మాట ప్రకారం చంపారు. వెయ్యికి పైగా అని థుసిడిడీస్ రాతప్రతుల్లో ఉంది. భూములు లాక్కుని ఏథెన్స్ వాళ్లకి పంచారు. ఆ పదకొండేళ్లకి, 416లో, మీలోస్ అనే చిన్న ద్వీపం మేం ఏ పక్షంలోనూ చేరం అన్నందుకు మగవాళ్లని చంపి, ఆడవాళ్లని, పిల్లల్ని అమ్మేశారు. అప్పుడు రెండో సభ లేదు, రెండో ఓడ లేదు. మరుసటి ఏడాది వసంతంలో డయోనిసస్ దేవుడి ఉత్సవంలో యూరిపిడీస్ ఒక నాటకం ఆడించాడు. ఓడిపోయిన ట్రాయ్ నగరపు ఆడవాళ్లు, ఎవర్ని ఏ విజేత బానిసగా పట్టుకుపోతాడో అని ఎదురుచూడటమే ఆ కథంతా. మీలోస్ ఆడవాళ్ల దుఃఖమే దాని వెనక ఉందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే చదువుతాను. తమ ఓటు ఏం చేయగలదో ఆ జనం ముందే చూపించే ధైర్యం ఆ నాటకరంగానికి ఉండేది. ఏథెన్స్ సంస్కృతిలో నేను అన్నిటికంటే గౌరవించేది పార్థినాన్ గుడిని కాదు, దీన్ని.

నువ్వు లా చదువుతున్నావు కాబట్టి ఇంకో కేసు చెప్పాలి. 406లో ఆర్గినూసై దగ్గర ఏథెన్స్ పెద్ద నౌకాయుద్ధం గెలిచింది. ఆ యుద్ధంలో తెడ్డు వేసిన బానిసలకి విముక్తి కూడా ఇచ్చారు. కానీ తుఫాను వల్ల, విరిగిన ఓడల్లో మిగిలిన తమ మనుషుల్ని రక్షించలేకపోయారు. సభ ఎనిమిది మంది సేనాధిపతుల మీద ఒకేసారి, ఒకే ఓటుతో తీర్పు చెప్పబోయింది. చట్టం ప్రకారం ఒక్కొక్కర్నీ విడిగా విచారించాలి. ఇది చట్టవిరుద్ధమని ఒకరు లేస్తే, ప్రజలు అనుకున్నది ప్రజల్ని చేయనివ్వకపోవడం ఘోరం అని జనం కేకలేశారు. ఆ ఏడాది చీటీలో మండలికి వచ్చి, ఆ రోజు సభ నడిపే 50 మందిలో ఒకడైన సోక్రటీస్ మాత్రం చట్టం దాటి ఓటింగ్ పెట్టడానికి ఒప్పుకోలేదు. మిగతావాళ్లు భయపడి లొంగారు. ఊళ్లో దొరికిన ఆరుగురిని చంపేశారు. వాళ్లలో పెరిక్లిస్ కొడుకు ఉన్నాడు. తల్లి అస్పేషియా మిలేటస్ నుంచి వచ్చినావిడ కాబట్టి తండ్రి తెచ్చిన చట్టం ప్రకారమే అతనికి పౌరసత్వం రాకూడదు. పెద్ద కొడుకులిద్దరూ ప్లేగులో పోయాక పెరిక్లిస్ బతిమాలితే సభ మినహాయింపు ఇచ్చింది. మినహాయింపిచ్చిన సభే అతన్ని చంపింది. కొన్నాళ్లకే జనం పశ్చాత్తాపపడి, తమని మోసం చేశారని తీర్మానం పెట్టినవాళ్ల మీద కేసులు పెట్టారు. చనిపోయినవాళ్లు తిరిగి రాలేదు.

404లో స్పార్టాతో యుద్ధం ఓడి, ముప్పైమంది నిరంకుశుల చేతిలో నలిగి, 403లో మళ్లీ ప్రజాపాలన తెచ్చుకున్నప్పుడు వాళ్లు చేసిన పని నీకు నచ్చుతుంది. పాత కక్షలు తవ్వుకోవద్దని అందరితో ప్రమాణం చేయించారు. అంతకంటే పెద్దది, సభ చేసే తీర్మానం ఏదీ చట్టాన్ని మించకూడదని రాసుకున్నారు. కొత్త చట్టం కావాలంటే సభలో చేతులెత్తితే చాలదు, విడిగా వేసిన బృందం ముందు పాత చట్టం తరఫున, కొత్త చట్టం తరఫున వాదన జరగాలి. మిటిలీన్ రోజున అదృష్టం కొద్దీ దొరికిన ఆ రెండో ఆలోచనకి ఇక్కడ ఒక పద్ధతి ఏర్పడిందని నా అభిప్రాయం. మీ కాన్‌స్టిట్యూషనల్ లా క్లాసులో మీరు వాదించుకునేది ఇదే కదా.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను. ఆడవాళ్లు, బానిసలు, పరాయి ఊళ్ల వాళ్లు సభలో లేకపోవడం ఆ ప్రజాస్వామ్యానికి ఉన్న చిన్న మచ్చ అని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. మిటిలీన్ జనం బతికారంటే వాళ్ల తరఫున మాట్లాడే హక్కు వాళ్లకుండి కాదు, వాళ్లని చంపకపోవడం ఏథెన్స్‌కే లాభమని ఒకడు నిరూపించగలిగాడు కాబట్టి. మీలోస్ విషయంలో అలా నిరూపించేవాడు లేకపోయాడు. లారియమ్ సొరంగాల్లో ఉన్నవాళ్ల గురించి సభ పెట్టిందీ లేదు. అందుకని నీ కోపం సరైనదే, కానీ ఆ కోపంతో పుస్తకం మూసేయకు.

నాకు ఇప్పటికీ తెగని ప్రశ్న ఒకటుంది. 399లో సోక్రటీస్‌ని విచారించింది సంస్కరణలు జరిగాక. 500 మంది దాకా జ్యూరీ, అంతా చీటీలో వచ్చినవాళ్లు. ముప్పై ఓట్లు అటు మారితే అతను బయటపడేవాడని అతని శిష్యుడు ప్లేటో రాశాడు. పై కోర్టు లేదు, అప్పీలు లేదు, ఎందుకంటే జ్యూరీ అంటేనే ప్రజలు, ప్రజల పైన ఇంకెవరుంటారని వాళ్ల లెక్క. సభకి కళ్లెం వేయాలని తెలిసినవాళ్లు కోర్టుకి ఎందుకు వేయలేదు? నువ్వు అప్పీళ్ల గురించి చదువుతున్నావు కాబట్టి నాకంటే బాగా ఆలోచించగలవు. ముందు థుసిడిడీస్ మూడో భాగంలో క్లియోన్, డయోడోటస్ ఇద్దరి వాదనలూ పూర్తిగా చదువు, తర్వాత నీకేం తోస్తుందో రాయి. ఫోన్‌లో చెప్పకు, కాగితం మీద రాయి.

మీ అమ్మ