ఇంట్లోనే ఉన్నావుగా!

అంబాజీపేట,
24 ఆగస్టు 2020

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ అందింది. నాకంటే ముందు మా ఇంటిల్లిపాదికీ అందింది. ఫోను హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి స్నానానికి వెళ్ళాను, మా చెల్లి నొక్కేసింది. "అదృష్టవంతుడివిరా, అమ్మ చేతి వంట తింటూ ఇంట్లో కూర్చుని జీతం పుచ్చుకుంటున్నావు" అని నువ్వన్న మాట నాన్నగారికి తెగ నచ్చింది. "కువైట్‌లో ఉన్నా వాడికి తెలిసినంత నీకు తెలీదురా" అని రెండు రోజులుగా దెప్పుతూనే ఉన్నారు. జవాబు నోటితో చెప్తే అది కూడా ఊరంతా వింటుంది. అందుకే కూర్చుని రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

ఉగాదికి రావాలనుకుని ఆగిపోయానని నీకు తెలుసుగా. లాక్‌డౌన్ పెట్టిన మొదట్లో హాస్టళ్ళు ఖాళీ చేయించడం, పిల్లలంతా బయల్దేరి ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రోడ్డు మీద ఇరుక్కుపోవడం టీవీలో చూసి నాకు ధైర్యం చాలలేదు. రెండు నెలలు ఆ కూకట్‌పల్లి రూములోనే మంచం మీద బాసింపట్టు వేసుకుని పనిచేశాను. దాన్ని వర్క్ ఫ్రమ్ హోమ్ అనడానికి నాకు మనసొప్పదు, అది జైల్లో పని. జూన్‌లో ప్రభుత్వం వాళ్ళ స్పందన వెబ్‌సైటులో ఈ-పాస్ తీసుకుని వచ్చాను. వాలంటీరమ్మాయి వచ్చి పేరు రాసుకుంది, 14 రోజులు మేడ మీద గదిలో ఉన్నాను, అమ్మ మెట్ల మీద కంచం పెట్టి వెళ్ళేది. అసలు కథ ఆ గదిలోంచి కిందికి దిగాక మొదలైంది.

మొదటి సమస్య బల్ల. మన ఇళ్ళల్లో బల్లలెక్కడున్నాయిరా? అందరం కింద కూర్చుని తినేవాళ్ళమే. మంచం మీద పెట్టుకుంటే నడుం పోతోంది, కిటికీ గూట్లో పెడితే నిలబడాలి. చివరికి అమ్మ కుట్టుమిషనే గతైంది. దాని తలని లోపలికి మడిచి పైన చెక్క మూత వేస్తే చదునుగా అయిపోతుంది, లాప్‌టాపూ మౌసూ సరిగ్గా సరిపోతాయి. ఎత్తు కూడా బాగుంటుంది. చిక్కల్లా కింద పెడలుతో. కాళ్ళు పెట్టుకోవడానికి అదే చోటు. కాల్‌లో టెన్షన్ వస్తే నాకు తెలీకుండానే తొక్కేస్తాను. మా టీములో ఒకాయన "మీ ఇంట్లో ఏదో కిర్రుకిర్రుమంటోంది, ఫ్యానుకి నూనె వేయించండి" అన్నాడు. మూత సందులో ఎప్పుడో పడిన గుండుసూదులు ఇంకా అక్కడే ఉన్నాయి, వారానికొకటి నా మణికట్టుని వెతుక్కుంటూ వస్తుంది.

అయితే అది ఖాళీగా పడున్న మిషను కాదు కదా. మా అమ్మ వీధిలో సగం మందికి జాకెట్లు కుడుతుంది, నీకు తెలిసిందే. మా చెల్లి ఇంజనీరింగ్ ఫీజులో కొంత ఆ మిషను మీదనుంచే వచ్చింది. ఇన్నేళ్ళూ మేమెవరం దాన్ని ఉద్యోగం అనలేదు. "అమ్మ ఖాళీగా ఉన్నప్పుడు కుడుతుంది" అనేవాళ్ళం. ఆవిడ ఖాళీగా ఉండగా నేనైతే ఒక్కనాడూ చూడలేదు. ఇప్పుడు ఇద్దరం ఒకే బల్ల పంచుకున్నాం. పొద్దుట్నుంచి నాలుగింటిదాకా ఆవిడది, తర్వాత నాది. నాలుగు కొట్టేసరికి తల మడిచి, నూనె మరకలు పాత గుడ్డతో తుడిచి, "ఇదిగో నీ ఆఫీసు" అని లేస్తుంది. శ్రావణమాసం గిరాకీ ముందు మాత్రం గొడవైంది. వరలక్ష్మీవ్రతానికి అందరికీ కొత్త జాకెట్లు కావాలి, నాకేమో నెలాఖరు రిపోర్టులు. కరోనా కాబట్టి ఈసారి పేరంటాలు ఉండవులే అని నేననుకున్నా. పిలుపులు తగ్గాయి గానీ జాకెట్లు తగ్గలేదు. నాలుగు రోజులు గోధుమ బస్తా మీద చెక్క వేసుకుని పనిచేశాను.

ఇక రెండోది, నన్ను నిజంగా సతాయించింది, ఒక్క మాటరా బావా. "ఇంట్లోనే ఉన్నావుగా." గ్యాస్ బండ వస్తుంది, ఇంట్లోనే ఉన్నావుగా. పక్కింటి పిన్నిగారి ఫోనులో వాట్సాప్ పోయింది, ఇంట్లోనే ఉన్నాడుగా. మొన్న మన కొబ్బరి తోటలో కాయల దింపు తీశారు. నాన్నగారు గుమ్మంలో నిలబడి "దింపు వాళ్ళు వచ్చారు, రాశి దగ్గర నిలబడి లెక్క చూసుకో, ఇంట్లోనే ఉన్నావుగా" అన్నారు. నేను చెవిలో హెడ్‌ఫోను, అవతల తొమ్మిది మంది. చేత్తో సైగ చేశాను. ఆయన ఆ సైగకి వస్తున్నానని అర్థం చేసుకుని వెళ్ళిపోయారు. తర్వాత మూడు రోజులు మాట్లాడలేదు. ఆయన లెక్కలో పనంటే ఒంటికి చెమట పట్టాలి, లేదా కనీసం చొక్కా వేసుకుని బయటికి వెళ్ళాలి. లుంగీ కట్టుకుని పెట్టె ముందు కూర్చుని ఇంగ్లీషులో నవ్వుతున్నవాణ్ణి పనిలో ఉన్నాడని ఆయనెలా అనుకుంటారు? ఆయన తప్పని నేననను.

దానికి తోడు నా షిఫ్టు. అమెరికా వాళ్ళకి పొద్దున్న తొమ్మిదైతే మనకి సాయంత్రం ఆరున్నర. నాది అయిదింటినుంచి రాత్రి రెండింటిదాకా. పడుకునేసరికి మూడు, లేచేసరికి పది. పది గంటలకి పళ్ళు తోముకుంటూ అరుగు మీదికి వచ్చే మగాణ్ణి ఊరు ఏమనుకుంటుంది? ఉద్యోగం పోయిందనుకుంది. నువ్వు నమ్మవు, రాజోలు నుంచి సంబంధం తెచ్చిన పేరయ్యగారు పదకొండింటికి వచ్చి నేను నిద్రపోతుంటే చూసి, కాఫీ తాగి, "అబ్బాయిని ఆఫీసు వాళ్ళు మళ్ళీ పిలిచాక చూద్దాం లెండి" అని వెళ్ళిపోయారట. జీతం స్లిప్పు చూపిస్తానంటే అమ్మే వద్దంది. నవంబరులో వాళ్ళు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు, అప్పుడు నా షిఫ్టు ఇంకో గంట జరుగుతుంది అని చెప్తే, "వాళ్ళ గడియారం వాళ్ళు తిప్పుకుంటే నువ్వెందుకు మేలుకోవాలి?" అంది. ఈ ప్రశ్న మా కంపెనీలో ఎవరూ అడగలేదు.

ఇంట్లో వాళ్ళకి నేను కనపడతాను గానీ పని కనపడదు. ఆఫీసు వాళ్ళకి పని కనపడుతుంది గానీ నేను కనపడను, వాళ్ళ బాధ అది. ఛాట్‌లో మన పేరు పక్కన పచ్చ చుక్క ఉంటుంది. కొన్ని నిమిషాలు మౌసు కదపకపోతే పసుపైపోతుంది. మా మేనేజరు కళ్ళు రోజంతా ఆ చుక్కల మీదే. నీళ్ళు తాగడానికి లేచినా "అంతా ఓకేనా?" అని మెసేజ్. ఆఫీసులో ఇదే మనిషి నేను గంటసేపు టీ కొట్టు దగ్గర ఉన్నా పట్టించుకునేవాడు కాదు, బ్యాగు కుర్చీకి వేలాడుతుంటే చాలు. మొన్న గోదావరి వరదప్పుడైతే మరీ. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, లంకల్లో జనాన్ని పడవల మీద తెస్తున్నారు, మన ఊళ్ళోకి నీళ్ళు రాకపోయినా అందరి ప్రాణాలూ అరచేతిలో ఉన్నాయి. ఈయన ఫోన్ చేసి క్షేమమేనా అని అడిగి, నేను క్షేమమే అనగానే, "అయితే రేపు లాగినవుతావుగా?" అన్నాడు.

నెట్టు సంగతి చెప్పాలి. కేబుల్ అబ్బాయి వైరు లాగి, ఫోనులో స్పీడు చూపించి, చేతులు దులుపుకుని వెళ్ళాడు. సినిమాలు బ్రహ్మాండంగా వస్తాయి. కాల్‌లో మాత్రం వాళ్ళ మాట నాకు స్పష్టంగా వినపడుతుంది, నా మాట వాళ్ళకి ముక్కలుగా వెళ్తుంది. మనకి వచ్చే స్పీడు వేరు, మననుంచి వెళ్ళే స్పీడు వేరని, మీటింగులకి రెండోదే ముఖ్యమని అప్పుడు తెలిసింది. ఇంకోటి, కరెంటు పోతే ఫర్వాలేదులే అని ఇన్వర్టరు కొన్నాను. రౌటరు తాగే కరెంటు ఎంత, చిన్న బల్బంత. కానీ స్తంభం మీద కేబుల్ వాళ్ళ డబ్బా ఒకటుంటుంది, దానికి ఇన్వర్టరు ఎవరు పెడతారు? వీధికి కరెంటు పోతే మనింట్లో లైట్లు వెలుగుతూ నెట్టు మాత్రం ఉండదు. అప్పుడు ఫోను పట్టుకుని మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కకి పరుగు, అక్కడ రెండు గీతల సిగ్నల్ ఉంది. వాన రాత్రులు అక్కడే గొడుగు కింద కూర్చుని మాట్లాడా. కాలవ గట్టు కప్పలు నాకంటే గట్టిగా మాట్లాడాయి. అవతలి అమెరికా ఆవిడ ఆ గోల ఏమిటని అడిగి, కప్పలని చెప్తే, పని పక్కన పెట్టి కాసేపు వింది. మొత్తం మీటింగులో ఆవిడకి నచ్చింది అదొక్కటే అనుకుంటా. ఈసారి చవితి పందిళ్ళు వేయనివ్వలేదు, మైకుల్లేవు. ఊరంతా దిగులుపడితే నేను మాత్రం లోలోపల సంతోషించాను. ఎవరికీ చెప్పకు.

ఈ "ఇంట్లోనే ఉన్నావుగా"కి మందు కనిపెట్టింది అమ్మేరా. నువ్వెప్పుడైనా గమనించావా, ఆవిడ మిషను దగ్గర కూర్చునే ముందు టేపు మెడలో వేసుకుంటుంది. కొలత తీసేది ఉన్నా లేకపోయినా. ఆ టేపు మెడలో ఉన్నంతసేపూ పక్కింటి వాళ్ళు గుమ్మంలోంచే "తర్వాతొస్తాలే వదినా" అని వెనక్కి తిరుగుతారు. తీసి మేకుకి తగిలిస్తే లోపలికొచ్చి కూర్చుంటారు. ముప్ఫై ఏళ్ళ అనుభవం! నన్ను చూసి జాలేసి ఒకరోజు "మీ ఆఫీసులో మెడలో వేసుకునే బిళ్ళ ఉండాలిగా, ఏది?" అంది. పెట్టె అడుగున ఉన్న ఐడీ కార్డు తీసి, లుంగీ మీద, బనీను మీద తాడుతో సహా మెడలో వేసుకుని కూర్చున్నాను. నవ్వకు. అది పనిచేస్తోంది! నాన్నగారు వస్తారు, బిళ్ళ చూస్తారు, గొంతు తగ్గించి "ఎప్పుడవుతుంది?" అంటారు. పిన్నిగారు కిటికీలోంచి చూసి వెళ్ళిపోతుంది. రెండింటికి బిళ్ళ తీసి టేపు పక్కన అదే మేకుకి తగిలిస్తాను. ఇంకో చిట్కా కూడా చెప్పింది. బుధవారం అయిపోయే పనిని శుక్రవారం ఇస్తానని చెప్పాలట. మా మేనేజరు మీద ప్రయోగించి చూశాను, అద్భుతం.

డబ్బు మిగులుతోందా అని అడిగావు. రూము అద్దె మిగిలింది, ఇన్వర్టరు తినేసింది. పైగా అద్దె కట్టడం మానేస్తే హెచ్‌ఆర్‌ఏ మీద, అదే జీతంలో ఇచ్చే ఇంటద్దె భత్యం మీద, పన్ను పడుతుందిగా. ఇల్లు నాన్నగారి పేరునే ఉంది కాబట్టి నిజంగా ఆయనకి అద్దె కట్టి రసీదు తెచ్చుకోవచ్చని అకౌంట్స్ ఆయన సలహా ఇచ్చాడు. నాన్నగారు ఆ అద్దెని తన ఆదాయంలో చూపించుకోవాలంతే. ఆ మాట ఇంట్లో ఎత్తాను. "కన్న కొడుకు దగ్గర అద్దె తీసుకుని రసీదు రాసిస్తానా? ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దా?" అని అన్నం మధ్యలో లేచిపోయారు. పన్నే కడుతున్నాను.

హైదరాబాదులో దేనికి బెంగగా ఉందో చెప్తే తిడతావు. ట్రాఫిక్‌కి. గచ్చిబౌలిలో తిన్న తిట్లు కూకట్‌పల్లి చేరేలోపు ఎక్కడో ఒక సిగ్నల్ దగ్గర రాలిపోయేవి. ఇప్పుడు లాప్‌టాపు మూసి నాలుగడుగులు వేస్తే వంటిల్లు. ఆ మొహంతోనే అన్నానికి కూర్చుంటాను, అమ్మ కూరలో ఉప్పు తక్కువైందేమో అని కంగారుపడుతుంది. అందుకని ఇప్పుడు మధ్యలో బ్రేకు రాగానే కాలవ గట్టు మీద వంతెన దాకా నడిచి వచ్చి అప్పుడు తింటున్నా. వీధి కుక్కలకి నేను బాగా అలవాటయ్యాను. అన్నట్టు, దింపు లెక్కకి కూడా ఒప్పందమైంది. నాన్నగారు ముందు రోజే చెప్తే పొద్దున్నే లేచి వెళ్తాను, మధ్యాహ్నం పడుకుంటాను.

నీ సంగతేంటి? కర్ఫ్యూ ఎత్తేశారా? గన్నవరానికి, బయటి దేశాల్లో చిక్కుకున్నవాళ్ళని తెచ్చే వందే భారత్ విమానంలో సీటు కోసం పేరిచ్చావా, లేదా ఇంకా ఆలోచనేనా? వస్తే క్వారంటైన్‌కి మా మేడ గది ఉంది, ట్యాంకు పక్కన సిగ్నల్ కూడా ఉంది. అమ్మకి మంచి కత్తెర కావాలట, బట్ట కోసేది, పెద్దది. వీలైతే తీసుకురా, డబ్బులు ఆవిడే ఇస్తుందట, నేనివ్వకూడదట. ఇకనుంచి వాయిస్ మెసేజ్‌లు పెట్టకు. నా షిఫ్టు అయ్యేసరికి నీకు రాత్రి పదకొండున్నర, అప్పుడు ఫోన్ చెయ్యి. మేడ మీదికెళ్ళి ఎత్తుతాను.

ఉంటాను మరి,
నీ బావ