వార్షిక నివేదిక: ల్యాండ్‌ఫిల్‌కు ముందు కంపోస్టులో నత్రజని లెక్క

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని ప్రధానంగా ఒక ప్రశ్న చుట్టూనే సాగింది. ఇళ్ల చెత్తను పూడ్చే ముందు కంపోస్టు చేస్తే అందులోని నత్రజని ఎటు పోతోంది? పచ్చి చెత్తను అలాగే పూడిస్తే అడుగున మాంసకృత్తులు కుళ్లి అమ్మోనియా పుడుతుంది. గాలి ఆడని చోట అది నైట్రేట్‌గా (ఆక్సిజన్‌తో కలిసిన నత్రజని రూపం) మారలేక దశాబ్దాల తరబడి ఊటనీటిలో దిగుతూనే ఉంటుంది.

కంపోస్టులో నత్రజని శాతం పెరిగిందని సంబరపడొద్దు. 100 కిలోల ఎండు చెత్తలో 2 శాతం అంటే 2 కిలోలు. కార్బన్ తరిగి కుప్ప 50 కిలోలకు దిగాక 2.8 శాతం కనిపించినా, మిగిలింది 1.4 కిలోలే. 30 శాతం పోయినట్టు. కుప్పను తూచలేకపోతే నమూనాను కాల్చితే మిగిలే బూడిదే ఆధారం, అది కుళ్లదు, ఎగిరిపోదు. నత్రజని శాతాన్ని బూడిద శాతంతో భాగించండి. పై కుప్పలో బూడిద మొదట 25 శాతం, చివర 50 శాతం అనుకుంటే: మొదట 2/25, చివర 2.8/50, అంటే 0.08 నుంచి 0.056కి. తిరగేసేటప్పుడు నేల మన్ను కలిస్తే మాత్రం ఈ లెక్క పనికిరాదు. నమూనాను 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి నత్రజని కొలిస్తే అమ్మోనియా ముందే ఎగిరిపోతుంది. పచ్చి నమూనానే కొలవాలి. నత్రజనిని కొలిచే మామూలు కెల్డాల్ పరీక్షలో నైట్రేట్ పూర్తిగా రాదు, దాన్ని విడిగా చూడాలి.

ఎక్కువ నష్టం మొదటి వారాల్లోనే. వేడి 55 డిగ్రీలు దాటి, పీహెచ్ 8 పైకి వెళ్తే, తిరగేస్తుంటే కళ్లు మండుతాయి. ఆ ఘాటంతా పోతున్న నత్రజనే. వాసన తగ్గాలని సున్నం చల్లడం పెద్ద పొరపాటు, పీహెచ్ పెరిగి అమ్మోనియా ఇంకా వేగంగా లేస్తుంది. మొదట్లోనే నత్రజని ఒక పాలుకు కార్బన్ 25–30 పాళ్లు ఉండేలా ఎండుటాకులు, చింపిన కాగితం, రంపపు పొట్టు కలపాలి. లావు చెక్క ముక్కలు గాలి ఆడనిస్తాయి గానీ వాటి కార్బన్ సూక్ష్మజీవులకు త్వరగా అందదు. అందుకే వాటితో లెక్కలో నిష్పత్తి సరిపోయినా నత్రజని నిలవదు.

వేడి 40 డిగ్రీల కిందికి దిగాకే నైట్రేట్ తయారీ ఊపందుకుంటుంది. అప్పటి నుంచి వాన పడకుండా కప్పాలి, నైట్రేట్ నీటితో కొట్టుకుపోతుంది. తేమ 50–60 శాతం చాలు. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. తడిసి ముద్దయిన చోట నైట్రేట్ నుంచి నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది.

వచ్చే ఏడాది ప్రతి కుప్పకూ బూడిద, అమ్మోనియం (నీటిలో కరిగిన అమ్మోనియా రూపం), నైట్రేట్ మూడూ నమోదు చేస్తాం. తిరగేసినా వేడెక్కకుండా, అమ్మోనియం కన్నా నైట్రేట్ ఎక్కువగా ఉంటేనే కుప్పను పూడ్చడానికి పంపుతాం.