లోరీ మార్ ఆటలో చూడాల్సింది

చి. చిన్నాకు నాన్న ఆశీస్సులు.

ఐర్లాండ్‌లో కర్ర, బంతితో ఆడే హర్లింగ్ ఆటలో లోరీ మార్ అంత మొనగాడైతే ఆయన పేరు అట్టడుగు అంచె కప్పుకు ఎందుకు పెట్టారని అడిగావు. 2009లో మొదలైన ఆ కప్పు ఇప్పుడు కౌంటీ జట్ల హర్లింగ్ పోటీల్లో ఐదో అంచె, నిజమే. దాని పైనున్న రెండు కప్పులకూ నికీ రాకర్డ్, క్రిస్టీ రింగ్ పేర్లున్నాయి. వాళ్లేమైనా చిన్నవాళ్లా? అంచెను బట్టి ఆటగాణ్ణి కొలవకు.

ఆయన 1899లో కిల్కెన్నీ కౌంటీలోని టులరోన్‌లో, రైతు కుటుంబంలో పుట్టాడు. ఆడింది మిడ్‌ఫీల్డ్. 1926లో ఆల్ ఐర్లాండ్ (దేశంలోని కౌంటీ జట్ల పెద్ద పోటీ) ఫైనల్లో కిల్కెన్నీవాళ్లు కార్క్ కౌంటీ చేతిలో 4-6, 2-0తో చిత్తుగా ఓడారు. (గోల్‌కు మూడు పాయింట్లు, గీతకు ఎడమవైపున్నవి గోల్స్, కుడివైపున్నవి విడి పాయింట్లు. అంటే 18కి 6.) ఆల్ ఐర్లాండ్ పతకాలు మూడు: 1932, 1933, 1935. అయినా జనం ముందు తలుచుకునేది ఓడిపోయిన 1931నే. కార్క్‌తో మొదటి ఫైనల్ 1-6, 1-6. మళ్లీ ఆడితే 2-5, 2-5. ఆ రెండో ఆటలో లోరీకి పక్కటెముకలు విరిగాయి. మూడోదానికి ఆయన లేడు, కార్క్ 5-8, 3-4తో గెలిచింది. పది పాయింట్ల తేడా! ఒక్క మనిషి వల్లే అంత తేడా వచ్చిందని నేననను గానీ, మిడ్‌ఫీల్డ్ ఖాళీ అయితే బంతి ముందుకు ఎలా పోతుంది?

ఆయన పనితనం తెలియాలంటే 1935 ఫైనల్ పట్టుకోవాలి. కెప్టెన్ ఆయనే, వయసు 36 ఏళ్లు. జోరు వాన. ప్రత్యర్థి మేటి ఆటగాడు మిక్ మాకీ ఉన్న లిమరిక్ కౌంటీ. కిల్కెన్నీ 2-5, 2-4తో ఒక్క పాయింటుతో గట్టెక్కింది. అప్పటి తోలు బంతి తడిస్తే నీళ్లు పీల్చి బరువెక్కేది. దాన్ని కర్రతో లేపి చేతిలోకి తీసుకునేలోపు మీద పడిపోయేవాళ్లు. అందుకే నేల మీది బంతిని ఆపకుండా, పరుగులోనే కొట్టాలి. లోరీ చెయ్యి తిరిగింది అందులోనే.

నువ్వు సాధన చెయ్యాల్సిందీ అదే. బలమైన చెయ్యి పిడి పైకొసన, రెండోది దానికి ఆనుకుని కింద. బంతి ముందరి పాదానికి సమంగా ఉన్నప్పుడు కొట్టు. మరీ ముందుంటే కర్ర కొస బంతి నెత్తికి తగిలి అది గెంతుతుంది. మరీ వెనకుంటే కర్ర మట్టిలో దిగబడుతుంది. మోకాళ్లు వంగాలి, నడుమొక్కటే వంగితే చాలదు. తల ముందే ఎత్తేస్తావు నువ్వు, అది మానుకో.

సైడ్‌లైన్ కట్‌లోనూ (పక్క గీత మీంచి బంతిని కొట్టి ఆటలోకి పంపడం) ఆయన దిట్ట. బంతి గీత మీద కదలకుండా ఉంటుంది, చేత్తో లేపకూడదు. కర్ర వెడల్పు భాగాన్ని కాస్త పైకి తెరిచి, దాని కింది అంచుతో బంతి అడుగున కోసినట్టు కొట్టాలి. నడిమికి తగిలితే నేల మీద దొర్లిపోతుంది. వెనకున్న గడ్డిని ముందు తాకితే అక్కడే చచ్చుబడుతుంది. చాలామంది గట్టిగా కొట్టాలని చూస్తారు, నాకైతే అది దండగ. అంచు సరిగ్గా దూరితే బంతి దానంతటదే లేస్తుంది.

కర్ర కొనేటప్పుడు నిలబెట్టి చూడు, తుంటి ఎముక దగ్గరికి రావాలి. మంచి కర్రను యాష్ చెట్టు మొదలు నుంచి, వేరు వైపు వంగే చోట కోస్తారు. కొసన ఉన్న వంపు వెంట చెక్క పోగు కూడా తిరిగిందో లేదో చూసుకో. నిటారుగా పోయిందంటే మొదటి గట్టి దెబ్బకే కొస చీలుతుంది.

లోరీ కాలంలో హెల్మెట్ లేదని నాతో వాదించకు. 2010 నుంచి అది అందరికీ తప్పనిసరి. ప్రాక్టీసుకైనా సరే, పెట్టుకునే దిగు.

నాన్న