తాబేళ్ల లెక్క కూడా దేశ రహస్యమేనా?

సంపాదకులకు,

గ్రేట్ నికోబార్ దీవిలోని గలతియా బేలో సర్కారు తలపెట్టిన కంటైనర్ రేవును (పెద్ద ఓడల నుంచి చిన్న ఓడలకు పెట్టెలు మార్చే రేవు) సమర్థిస్తూ పోయిన ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాక ఒకటి అర్థమైంది. చైనా పేరెత్తితే చాలు, ఇక ఎవరూ లెక్కలు అడగకూడదు. 2017లో శ్రీలంకలోని హంబన్‌టోట రేవు 99 ఏళ్ల లీజు మీద చైనా కంపెనీ చేతికి పోయింది కాబట్టి గలతియా బేలో మనమూ కట్టి తీరాలట.

ఆ హంబన్‌టోట కథేదో పూర్తిగానే చెప్పొచ్చుగా! ఓడదారి దానికి కూతవేటు దూరం. అయినా 2010లో తెరిచాక కంటైనర్ ఓడలు పక్కనుంచే పోయాయి. పెద్ద ఓడ ఆగిందంటే పైలట్, టగ్గులు, బెర్తు చార్జీలు, పోయిన గంటలు అన్నీ ఖర్చే. వేల పెట్టెలు దించి ఎక్కించుకునే పనుంటేనే ఆగుతుంది. కొలంబోకు ఆ సరుకుంది, అందులో మనది చాలా ఉంది. గలతియా వెనక ఫ్యాక్టరీ లేదు, రైలు లేదు. ప్రతి పెట్టే ఓడలోనే రావాలి, ఓడలోనే పోవాలి. కోల్‌కతా పెట్టె సింగపూర్ మానేసి ఇక్కడికెందుకు రావాలో ఒక్క ముక్క రాయలేదు. గలతియాకు ఓడదారి 40 నాటికల్ మైళ్లేనని మాత్రం మళ్లీ మళ్లీ రాశారు.

రక్షణ కోసమంటారా, అదే దీవిలో క్యాంప్‌బెల్ బే దగ్గర నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ బాజ్ 2012 నుంచీ ఉంది. దాని రన్‌వే పొడిగించండి, ఎవరొద్దన్నారు? ఎనిమిది వేల మంది ఉన్న దీవిలో రేవుతో పాటు మూడున్నర లక్షల మందికి ఊరు కడితే చైనా జడుసుకుంటుందా? అదీ 2004 సునామీ భూకంపంలో దీవి దక్షిణపు కొస ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిన చోట!

130 చదరపు కిలోమీటర్ల అడవి, సర్కారు లెక్కలోనే 9.64 లక్షల చెట్లు పోతాయి. బదులు మొక్కలు హర్యానాలో నాటతారట. పగడాల కాలనీలు 16,150 తరలిస్తారట. ఉలితో విడదీసి, సముద్రపు నీళ్లలోనే ఉంచి తీసుకెళ్లి, దిమ్మెలకు అతికించాలి. అతుక్కున్నా బతకాలంటే నీరు తేటగా ఉండాలి. చుట్టుపక్కల డ్రెడ్జర్ సముద్రపు అడుగు తవ్వుతుంటే లేచిన మడ్డి వాటి మీదే పేరుకుంటుంది, వెలుతురు అందదు. లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక సంగతీ అంతే. అలల్ని ఆపే రాతిగోడ, అదే బ్రేక్‌వాటర్ వేస్తే ఒకవైపు మేట, రెండోవైపు కోత. ఆర్కే బీచ్‌లో డ్రెడ్జర్‌తో ఇసుక పోయడం, అలలు దాన్ని లాక్కుపోవడం చూసిన విశాఖవాళ్లకు ఇది చెప్పాలా?

ఈ ప్రాజెక్టు మీద 2023లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) వేసిన కమిటీ నివేదిక మాత్రం రహస్యం. అడిగితే దేశ భద్రత. అభివృద్ధి పనులకు అడ్డుపడే సంస్థల వల్ల జీడీపీ రెండు మూడు శాతం తగ్గుతోందని 2014లో కేంద్ర నిఘా సంస్థ ఐబీ నివేదిక రాసింది మొదలు, ఏ రేవు గురించి నోరెత్తినా విదేశీ హస్తమే. మన తీరంలో మాత్రం ఏం వెలగబెట్టారు? ప్రజాభిప్రాయ సేకరణ అంటారు, వందల పేజీల ఇంగ్లిష్ నివేదికను బల్ల మీద పడేస్తారు, షామియానా కింద మజ్జిగ పోస్తారు, సంతకాలు తీసుకుంటారు.

రన్‌వే పేజీలు దాచుకోండి, కాదనం. పగడాల పేజీలు, తాబేళ్ల పేజీలు బయటపెట్టమని మీ పత్రికైనా అడగాలి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం