వాల్వు సెట్టు తియ్యదనం అంతా వాల్వుది కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం పేపర్లో పాత వాల్వు రేడియోల (ట్రాన్సిస్టర్లు రాకముందు గాజు బల్బుల్లాంటి వాల్వులతో నడిచినవి) మీద వ్యాసం వేశారు, ఫొటోలు చాలా బాగున్నాయి కానీ వాల్వు అయితే గొప్ప, ట్రాన్సిస్టర్ అయితే దండగ అన్నట్టు రాసేశారు, అది సగమే నిజమండి. మా కోనసీమలో తీర్థాలకి పెళ్ళిళ్ళకి మైకులు కట్టిన పాతోళ్ళని అడగండి. తేడా తెలిసేది ఫుల్లుగా పెట్టినప్పుడే అంటారు. జగ్గన్నతోట ప్రభల తీర్థం లాంటి జనంలో వాల్యూం చివరిదాకా తిప్పేస్తే వాల్వు ఆంప్లిఫయర్ సౌండు కాస్త మొద్దుబారుద్ది అంతే, ట్రాన్సిస్టర్ది అయితే ఆ హద్దు దాకా శుభ్రంగా ఉండి అక్కడ కత్తిపీటతో కోసినట్టు తెగిపోద్ది, పాట గరగరమంటది. మామూలు వాల్యూంలో మాత్రం మంచి ట్రాన్సిస్టర్ సెట్టుకి వంక పెట్టలేం.

సరి హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెండు రెట్లు, నాలుగు రెట్లు ఫ్రీక్వెన్సీతో కలిసే స్వరాలు) వల్లే ఆ తియ్యదనం అని రాశారు. నిజమే, సా పాడితే పైస్థాయి సా కూడా కొంచెం కలుస్తది, చెవికి తప్పులా అనిపించదు, నిండుగా ఉంటది. కానీ ఇది ఒకే అవుట్‌పుట్ వాల్వు ఉండే ఇంటి రేడియోల సంగతి. మైకు ఆంప్లిఫయర్లలో జంట వాల్వులు పుష్‌పుల్‌లో అంటే ఒకటి తోస్తే ఇంకోటి లాగినట్టు పనిచేస్తాయి, అక్కడ ఆ సరి హార్మోనిక్స్ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మరి వాటిని కూడా తియ్యగా ఉన్నాయనే అంటున్నాం కదా?

అసలు ఇంట్లో రేడియోకి ఆ గొంతు ఇచ్చింది పెద్ద చెక్కపెట్టె, అందులో పేపర్ కోన్ స్పీకరు, పైగా మీడియం వేవు. 1948లో మొదలైన విజయవాడ స్టేషను పాటల్ని ఆ సెట్లు పట్టుకునేది సుమారు 5 కిలోహెర్ట్జ్ దాకానే, పైన ఉండే సన్నటి చిరచిరలు మనదాకా వచ్చేవే కావు. ట్రాన్సిస్టర్‌కి చెడ్డపేరు 1960ల నాటి ఆంప్లిఫయర్ల వల్ల వచ్చింది, వాటిలో చాలావాటికి చిన్న వాల్యూంలోనే క్రాసోవర్ డిస్టార్షన్ (సౌండు ఒక ట్రాన్సిస్టర్ నుంచి ఇంకోదానికి మారే చోట వచ్చే గరుకు) ఉండేది. ఆ తర్వాత సర్క్యూట్లు ఎంతో మారాయి, పేరు మాత్రం మారలేదు పాపం. అమెరికాలో బాబ్ కార్వర్ అనే ఆయన 1985లో ఒక ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ని సర్దిసర్ది ఖరీదైన వాల్వు ఆంప్లిఫయర్ లాగే పలికించాడు, స్టీరియోఫైల్ పత్రికవాళ్ళు విని తేడా పట్టలేకపోయారు. ఇదొక్కటి ఆ వ్యాసంలో ఉంటే లక్షలు పోసి వాల్వు సెట్లు కొనేవాళ్ళు కొంచెం ఆగి ఆలోచిద్దురు.

ఇంకో ముఖ్యమైన మాట. అటక మీద తాతగారి రేడియో ఉంటే దించి ప్లగ్గు పెట్టి చూడండి అని రాశారు, దయచేసి అలా చెప్పకండి. మా డెల్టా చెమ్మకి లోపల పాత పేపర్ కెపాసిటర్లు (కరెంటుని నిలవ ఉంచే భాగాలు) పాడైపోయి ఉంటాయి, కరెంటు ఇవ్వగానే అవుట్‌పుట్ వాల్వో ట్రాన్స్‌ఫార్మరో కాలిపోవచ్చు. లోపల 250 వోల్టుల దాకా డీసీ ఉంటది, ప్లగ్గు తీసేసినా కెపాసిటర్లో కాసేపు నిలిచే ఉంటది. ముందు మెకానిక్కుకి చూపించమని వచ్చే ఆదివారం చిన్న బాక్సు కట్టి అయినా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, అంబాజీపేట