లాకుల బాబాయ్ గారికి, ఇంకా అందరికీ

గుండె వాల్వ్ ఆపరేషనయ్యాక నాన్నగారిని నిన్న సాయంత్రం ఇంటికి తీసుకొచ్చేశామండి, అందుకే అందరికీ థాంక్స్ చెప్దామని. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, కానీ ఇప్పుడు రాయకపోతే ఇంక రాయలేను.

చేలో గట్టు మీద కళ్లు తిరిగి పడిపోతే ఎండ అనుకున్నాం, ఛాతీ పట్టేస్తే గ్యాస్ అనుకున్నాం. ఎకో, అదే గుండె స్కానింగ్, తీస్తే అయోర్టిక్ వాల్వ్, గుండెలోంచి రక్తం ఒంట్లోకి వెళ్లే తలుపు, సున్నం పట్టి బిగుసుకుపోయిందన్నారు, 3, 4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సింది 0.7 కే తెరుచుకుంటోందంట. మందులతో కరగదు, మార్చాల్సిందే. నాన్నగారేమో గుండె కోయించుకోనని నెల్రోజులు మొండికేశారు.

కాకినాడలో ఓపీ దగ్గర పక్కన కూర్చున్న పెద్దాయన, అమలాపురం వైపు కాలవ లాకుల మీద తలుపులెత్తి దించే లస్కరుగా చేసి రిటైరయ్యారంట, మా మాటలు విని "తలుపు తుప్పట్టి జానెడే లేస్తే ఎనకాల నీళ్లెంత ఒత్తుతాయో మీకు తెలీదా రైతుగారూ, ఆ ఒత్తిడంతా మీ గుండె కాస్తందండి" అన్నారు. అని, చొక్కా గుండీలు విప్పి కుట్ల గీత చూపించి, నాన్నగారి తల దగ్గరకి తీసుకుని చెవి ఆనించమన్నారు. లోపల ఆయన మెటల్ వాల్వ్ టిక్ టిక్ మంటోంది. "పన్నెండేళ్లయిందండి, ఇప్పటికీ సైకిలు తొక్కుతాను." నాన్నగారు చాలాసేపు అలాగే చెవి పెట్టి ఉండిపోయి, లేచి "సరే, రాయించరా" అన్నారు. నేను మెట్ల కిందకెళ్లి ఏడ్చేశానండి.

ఆపరేషన్ రోజు ఆ లాకుల బాబాయ్ గారే రెండు బస్సులు మారి వచ్చి, లోపల్నించి కబురొచ్చేదాకా నా పక్కనే కూర్చున్నారు. పన్ను పీకించుకోవాలన్నా ముందు వాల్వ్ వేశారని చెప్పాలి అని నాకు రెండుసార్లు అప్పజెప్పించారు.

అమ్మ, అక్కాబావ ఎలాగూ మనవాళ్లే.

కానీ ఒక్కటి చెప్పాలి. ఆధార్‌లో పేరుకీ కార్డులో పేరుకీ ఒక్క అక్షరం తేడా ఉందని ఆపరేషన్ ఫైలు రెండుసార్లు వెనక్కి పంపారు, 11 రోజులు. రెండు మెట్లెక్కితే రొప్పే మనిషిని పక్కన పెట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరిగాను. ఆ 11 రోజుల్లో ఏమన్నా అయ్యుంటే ఎవరు సమాధానం చెప్తారండి?

అయ్యో, రక్తం ఇచ్చిన రావులపాలెం కుర్రాళ్లిద్దరికీ థాంక్స్, ఐసీయూ బయట రాత్రంతా ఛార్జర్ ఇచ్చిన అక్కకి, డబ్బులొద్దన్న ఆటో ఆయనకి, ఎకో తీసినమ్మాయికి కూడా.

బాబాయ్ గారూ, చూడమని ఇచ్చిన మీ ఐఎన్ఆర్ పుస్తకం, అదే రక్తం గడ్డకట్టే టెస్టు రాసుకునేది, నా సంచీలోనే ఉండిపోయిందండి. సోమవారం మీ టెస్టు కదా, ఆదివారమే తెచ్చిస్తాను.